సుబ్బరావమ్మ ఎదలో జౌలు దొర

మొదటిసారి దెబ్బ తగిలినప్పుడు సుబ్బరావమ్మ మగ్గం గుంటలో కూర్చుని చీర అంచు నేస్తోంది. ముందు కళ్లెదుట ఉన్న ఎర్ర పోగులు అలుక్కుపోయాయి. మగ్గం చప్పుడు తన ఇంట్లోంచి కాక పక్క వీధిలోంచి వస్తున్నట్టు వినిపించింది. ఆ వెంటనే ఎవరో రొమ్ములో కూర్చుని కాలెత్తి లోపలినించి తన్నినట్టయింది. పోగును అటూ ఇటూ లాగే నాడె చేతిలోంచి ఎగిరిపోయింది. ఆమె కేక విని, వసారాలో రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతున్న భర్త చెంచురామయ్య పరిగెత్తుకొచ్చాడు.

సుబ్బరావమ్మ వెనక గోడకు జారగిలబడి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి.

"ఏమయ్యా, నన్నెవరో తన్నారు" అంది.

చెంచురామయ్యకు అర్థమైంది. గుంట పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు గానీ ఆమె చెయ్యి పట్టుకుని లేపలేదు. చెయ్యి సగం దాకా చాచి ఆగిపోయాడు. అది ఆమె చూసింది.

చీరాల దగ్గర జాండ్రపేటలో మా వీధి వీధంతా నేతవాళ్లమే. సుబ్బరావమ్మకు యాభై నాలుగేళ్లు. అంతకుముందు ఆమెను చూసినవాళ్లెవరూ ఆమె భయపడుతుందంటే నమ్మరు. వానాకాలంలో మగ్గం గుంటల్లోకి నీరు ఊరుతుంది, ఆ నీటికి ఒక్కోసారి పాములు చేరతాయి. ఎవరింట్లో పాము కనబడ్డా మగవాళ్లు కర్రలు వెతుక్కుంటూ ఉండగానే సుబ్బరావమ్మ వచ్చి చీపురు తిరగేసి దాన్ని ఎత్తి అవతల పారేసేది. వెళుతూ వెళుతూ "దానికీ ప్రాణమేగా, బిక్కచచ్చిపోయి ఉంది" అనేది.

అలాంటి మనిషికి, మగ్గం మీద ఆ దెబ్బ తగలడానికి కొన్నాళ్ల ముందు, ఎండాకాలంలో కళ్లు తిరగడం మొదలైంది. మొదట ఎండ అనుకున్నారు. రెండోసారి పొయ్యి దగ్గర పడిపోయింది. మూడోసారి లేపినా లేవకపోతే చీరాల ఆస్పత్రికి, అక్కణ్ణించి గుంటూరు పెద్దాస్పత్రికి తీసుకెళ్లారు. అక్కడ ఎమర్జెన్సీ వార్డులోనే గుండె గతి తప్పితే, డాక్టర్లు రొమ్ము మీద రెండు బిళ్లలు ఆనించి షాకిచ్చి తిరిగి దారిలో పెట్టారు. అది ఆమెకు గుర్తు లేదు. గుర్తున్నదల్లా తర్వాత డాక్టరు చెప్పిన మాటలే.

"మీ గుండె అప్పుడప్పుడు ఉన్నట్టుండి పిచ్చి పట్టినట్టు కొట్టుకుంటోందమ్మా. అలా కొట్టుకుంటే రక్తం తలకి అందదు. అందుకని భుజం ఎముక కింద చర్మం లోపల ఒక చిన్న మిషను పెడుతున్నాం. దాని తీగ గుండెలోకి వెళుతుంది. అది ఎప్పుడూ గుండెను గమనిస్తూనే ఉంటుంది. గతి తప్పిందంటే తనే షాకిస్తుంది. ముప్పై అయిదు జౌల్స్ దాకా ఇవ్వగలదు."

"జౌల్సంటే ఏందయ్యా?"

డాక్టరు అప్పటికే పక్క మంచం వైపు తిరిగాడు. "కరెంటు బలం అనుకోండి" అన్నాడు.

జౌల్సన్న మాట సుబ్బరావమ్మ మనసుకు పట్టలేదు. కరెంటన్నది మాత్రం పట్టేసింది.

మగ్గం మీద దెబ్బ తగిలిన మర్నాడు ఆమెను చూడటానికి ఇమ్మానియేలు వచ్చాడు. మా వీధి చివర మోటార్లు బాగుచేసే షాపు అతనిది. ఫ్యాను తిరక్కపోయినా, మీటరు కాలినా అందరూ అతన్నే పిలుస్తారు. ఆస్పత్రిలో ఇచ్చిన కార్డు చూపించమన్నాడు. దాని మీదున్న మిషను పేరు ఫోనులో కొట్టి చూశాడు. చూస్తూ చూస్తూ ఉండగా అతని మొహం మారిపోయింది.

"పిన్నీ, మనిళ్లలో కరెంటు ఎంతో తెలుసా? రెండొందల ముప్పై వోల్టులు. దానికే మనిషి పోతాడు. నీ లోపలున్న మిషను కొడితే ఎనిమిది వందల వోల్టులంట!"

చెడ్డ ఉద్దేశంతో అన్నమాట కాదు. కరెంటు పని చేసే మనిషి, తనకు తెలిసిన భయాన్ని చెప్పాడు. కానీ ఆ ఎనిమిది వందల వోల్టులు పొద్దుగూకేలోపు వీధంతా తిరిగాయి. పంపు దగ్గర సుబ్బరావమ్మ బిందె పెడితే ఆడవాళ్లు పక్కకు జరిగేవారు. "నువ్వు కూర్చో అక్కా, మేం పట్టిస్తాంలే" అనేవారు. మర్యాదగానే అనేవారు. నీళ్లు నిండిన బిందెను మాత్రం ఆమె చేతికి ఇవ్వకుండా నేల మీద పెట్టి, నాలుగడుగులు వెనక్కి వెళ్లేవారు.

చెంచురామయ్య తన మంచం వసారాలోకి మార్చుకున్నాడు. "నా గురకకి నీకు నిద్ర పట్టడంలా" అన్నాడు. ముప్పై ఏళ్లుగా సుబ్బరావమ్మ అదే గురక వింటూ నిద్రపోయింది.

ఆమెకు అతని మీద కోపం రాలేదు. అతనికన్నా తనకే ఎక్కువ భయంగా ఉంది. పాము అయితే కంటికి కనబడుతుంది, ఎటు పోతుందో తెలుస్తుంది. ఇది తన చర్మం కిందే, తనకు తెలియకుండా కాచుకుని ఉంది. ఎప్పుడు కొడుతుందో చెప్పదు. అన్నం కలుపుతుంటే కొట్టవచ్చు. దేవుడికి దణ్ణం పెడుతుంటే కొట్టవచ్చు. సుబ్బరావమ్మ మగ్గం మీద కూర్చోవడం మానేసింది. మిక్సీ వేస్తే వసారాలోకి వెళ్లిపోయేది. స్నానానికి వెళితే తలుపు గడియ పెట్టేది కాదు. మెట్లెక్కాల్సి వస్తే కింది మెట్టు మీదే ఆగిపోయేది. కూర్చున్నా నిలబడ్డా కుడిచెయ్యి ఎడమ భుజం కింద మిషను పెట్టిన చోటి ఉబ్బు మీదే ఉండేది. గుండె కాస్త వడిగా కొట్టుకుంటే చాలు, 'వస్తోంది' అని పళ్లు బిగించేది. పళ్లు బిగించేసరికి గుండె ఇంకా వడి పెంచేది.

కొన్నాళ్లకు దెబ్బలు ఎక్కువయ్యాయి. మధ్యాహ్నం నడుం వాల్చి కునుకు పట్టబోతుంటే ఒళ్లంతా ఎగిరిపడేలా కొట్టేది. "కొట్టింది, మళ్లీ కొట్టింది" అని లేచి కూర్చునేది. చెంచురామయ్య గుమ్మంలోనే నిలబడి నీళ్ల గ్లాసు చాచేవాడు.

ఇలా ఉండగా కూతురు గీతాంజలి పురిటికి వచ్చింది. ఆమెను చిలకలూరిపేటలో ఇచ్చారు. అల్లుడు అక్కడి నూలు మిల్లులో సూపర్‌వైజరు. చీరాల ఆస్పత్రిలో ఆడపిల్ల పుట్టింది. నర్సు పిల్లను తువాలులో చుట్టి బయటికి తెచ్చి "అమ్మమ్మ ఎవరండీ?" అంది. సుబ్బరావమ్మ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"ముందు వాళ్ల తాతయ్యకివ్వమ్మా" అంది.

ఇంటికొచ్చాక కూడా అంతే. మా వైపు పసిపిల్లకు అమ్మమ్మే కాళ్లు చాపుకుని, కాళ్ల మీద పడుకోబెట్టుకుని నలుగు పెట్టి నీళ్లు పోస్తుంది. సుబ్బరావమ్మ ఆ పనికి లాల్‌బీని పిలిపించింది. లాల్‌బీ ఎంతోమంది పసిపిల్లలకు నీళ్లు పోసిన పెద్దావిడ. "అమ్మమ్మ గుండ్రాయిలా ఉండగా నాతో పోయిస్తారేంది?" అని నవ్వింది. సుబ్బరావమ్మ నవ్వలేదు. గుమ్మం అవతలే నిలబడి, నీళ్లు పడి పిల్ల ఏడుస్తుంటే చూసింది.

గీతాంజలి కొన్నాళ్లు చూసింది. ఒకరోజు పిల్లకు పాలిచ్చి, అమ్మ వైపు చూడకుండానే అడిగేసింది.

"ఆడపిల్ల పుట్టిందనా అమ్మా?"

సుబ్బరావమ్మకు ముందు ఆ ప్రశ్న అర్థం కాలేదు. అర్థమయ్యాక చెంప మీద కొట్టినట్టయింది.

"ఏందే ఆ మాట? నిన్ను కన్నప్పుడు నేను ఏడ్చానా?"

"మరి ఒక్కసారైనా ఎత్తుకోలేదు. వేలితో కూడా ముట్టుకోలేదు. మా అత్తగారొచ్చి చూసి ఏమనుకుందో తెలుసా? ఆవిడ అననే అంది, మీ అమ్మకి మనవడు కావాలేమోనని."

"నా చేతుల్లో ఉండగా ఆ దెబ్బ వస్తే?" అంది సుబ్బరావమ్మ. "ఎనిమిది వందల వోల్టులే. నేనే తట్టుకోలేక ఎగిరి పడుతున్నా. పసిగుడ్డు మాడి మసైపోదూ?"

గీతాంజలి పిల్లను భుజాన వేసుకుంది. తర్వాత మెల్లగా, "డాక్టర్ని అడిగావా?" అంది.

"అడగలా."

"ఎందుకు అడగలా?"

"అడిగితే ఔనంటాడేమోనని."

గీతాంజలి ఆ పూటే గుంటూరు ఆస్పత్రికి ఫోను చేసింది. మిషను పరీక్ష ఎలాగూ చేయించాల్సి ఉందని, రమ్మని చెప్పారు. పచ్చి బాలింత కావడంతో తను వెళ్లే వీలు లేక నాన్నను తోడు పంపింది.

చిలకలూరిపేట మీదుగా వెళ్లే బస్సు ఎక్కారు. సుబ్బరావమ్మ కిటికీ పక్కన, చెంచురామయ్య ఆ సీటు చివర అంచు మీద. చిలకలూరిపేట సెంటర్లో పత్తి బేళ్ల లారీ ఒకటి బస్సుకు ఆనుకున్నట్టుగా వచ్చి పెద్ద హారను కొట్టింది. సుబ్బరావమ్మ ఒక్క అరుపు అరిచి ముందు సీటు మీదికి పడింది.

"కొట్టింది! ఆపండయ్యా, కొట్టింది!"

బస్సు ఆగింది. కండక్టరు వచ్చి ఎవరు కొట్టారమ్మా అని చుట్టూ చూశాడు. చెంచురామయ్య తడబడుతూ గుండెలో మిషను సంగతి చెప్పాడు. ముందు సీటులో కూర్చున్న ఆవిడ పిల్లవాణ్ణి చంకనేసుకుని వెనక్కి వెళ్లిపోయింది. సుబ్బరావమ్మ చెమటలు కక్కుతూ కళ్లు మూసుకుని కూర్చుంది. ఒకటి వచ్చిందంటే వెనకే ఇంకోటి వస్తుందని ఎదురుచూస్తూ, మిరప చేలు, టంగుటూరు నించి వచ్చే పొగాకు లారీలు, ఏవీ చూడకుండా గుంటూరు చేరింది.

మిషను పరీక్ష చేసే అమ్మాయి పేరు నస్రత్. గుంటూరు పిల్లే. మిషను తయారుచేసే కంపెనీ తరఫున ఆస్పత్రికి వస్తుంది. సుబ్బరావమ్మను పడుకోబెట్టి, తీగ ఉన్న గుండ్రటి బిళ్ల ఒకటి ఉబ్బు మీద ఆనించి, కంప్యూటరు లాంటి దానిలో చూసింది.

"ఇప్పటిదాకా ఒక్కసారే షాకిచ్చిందండి. మీరు మగ్గం మీద ఉన్నానన్న రోజు. ఆ తర్వాత ఏదీ లేదు."

"ఒక్కసారా?" సుబ్బరావమ్మ లేచి కూర్చుంది. "ఇందాక బస్సులో కొట్టిందమ్మాయ్. బస్సంతా చూశారు. ఆయన్ని అడుగు."

"ఇవాళ కొట్టలేదండి."

"అయితే నేను అబద్ధం చెబుతున్నానా?"

నస్రత్ బిళ్ల తీసి పక్కన పెట్టింది. "లేదండి. మీకు నిజంగానే తగిలింది. మిషను ఇవ్వలేదు, అంతే. ఇది పెట్టించుకున్నవాళ్లలో చాలామందికి ఇలా అవుతుంది. ఒకసారి దెబ్బ తిన్న ఒళ్లు దాన్ని మర్చిపోదు. నిద్రలోకి జారేటప్పుడో, ఉలిక్కిపడ్డప్పుడో దాన్నే మళ్లీ తెచ్చుకుంటుంది."

సుబ్బరావమ్మకు అది ఊరటగా అనిపించలేదు. ఇప్పుడు భయపడాల్సినవి రెండయ్యాయి. మిషను ఒకటి, తన ఒళ్లు ఒకటి. కాసేపు చీర కొంగు వేళ్లకు చుట్టుకుంటూ కూర్చుని, చివరికి వచ్చిన పని అడిగింది.

"నాకు మనవరాలు పుట్టిందమ్మా. ఎత్తుకుంటే ఆ పిల్లకి తగులుద్దా? ఎనిమిది వందల వోల్టులంటగా."

"ఎత్తుకోవడం లేదా మీరు?"

సుబ్బరావమ్మ తల అడ్డంగా ఊపింది. నస్రత్ కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"పాపకి హాని జరగదండి. మహా అయితే మిమ్మల్ని ముట్టుకున్నవాళ్లకి కాస్త జివ్వుమంటుంది. అది కూడా చాలాసార్లు తెలియదు. ఎనిమిది వందల వోల్టులని ఎవరు చెప్పారో గానీ, ఆ ఒక్క అంకె చూసి భయపడకూడదు. వోల్టు అంటే నీళ్ల ట్యాంకు ఎంత ఎత్తున ఉందో చెప్పడం లాంటిది. ఎత్తు ఎక్కువే. కానీ అందులో ఉన్నది గ్లాసుడు నీళ్లయితే మీద పడ్డా ఏమవుతుంది? మొత్తం ఎంత శక్తి పడిందో చెప్పేది జౌలు."

"ఏందీ జౌలు? ఆ డాక్టరూ అదే అన్నాడు."

"ఒక మనిషి పేరండి. జేమ్స్ జౌల్ అని, ఇంగ్లండులో ఉండేవాడు. వోల్టు కూడా వోల్టా అనే ఇటలీ ఆయన పేరే. వాళ్లు కనిపెట్టినవాటికి గుర్తుగా ఆ కొలతలకి వాళ్ల పేర్లే పెట్టారు."

సుబ్బరావమ్మ భర్త వైపు చూసింది. ఇన్నాళ్లూ తన లోపల కూర్చుని కాచుకున్నదానికి మనిషి పేరు ఉండటం ఆమెకు వింతగా ఉంది. "దొరా?" అంది.

"దొరే. వాళ్ల నాన్నకి బీరు తయారుచేసే వ్యాపారం ఉండేది. ఈయన చిన్నప్పుడు ఒంట్లో బాగుండని పిల్లవాడట. అన్నా తనూ కలిసి ఒకళ్లకొకళ్లు కరెంటు షాకులిచ్చుకుని ఆడుకునేవారని చెబుతారు. ఇంట్లో పనివాళ్లకి కూడా ఇచ్చేవారట."

"పనివాళ్లకా?" సుబ్బరావమ్మకు కోపం ముంచుకొచ్చింది. "వాళ్లేం పాపం చేశారమ్మా? కడుపుకింత తిందామని పనికొస్తే కరెంటు పెడతాడా? తన్నాల్సింది అతన్ని."

నస్రత్ నవ్వాపుకోలేకపోయింది. చెంచురామయ్య కూడా నవ్వాడు. సుబ్బరావమ్మ నవ్వలేదు గానీ ఆమె చెయ్యి ఉబ్బు మీదినించి కిందికి దిగింది.

"పెద్దయ్యాక బుద్ధిమంతుడయ్యాడులెండి" అంది నస్రత్. "నీళ్లు పోసిన పాత్రలో కవ్వం లాంటిది పెట్టి, పైనించి బరువు కిందికి దిగుతుంటే అది తిరిగేలా చేశాడు. అలా చిలికితే నీళ్లు ఎంత వేడెక్కాయో కొలిచాడు."

"మజ్జిగ చిలికితే వేడెక్కుద్దా?"

"ఎక్కుతుందండి. చేతికి తెలియనంత. ఎంత పని చేస్తే ఎంత వేడి పుడుతుందో లెక్క తేల్చాడు. అందుకే పని కొలతకి ఆయన పేరు. మీ మనవరాలు ఎంత బరువుంది?"

"మూడున్నర కిలోలు అన్నారు మొన్న సూదేయించినప్పుడు."

"ఆ పాపను చాప మీదినించి తీసి నడుం దాకా ఎత్తితే మీరు చేసిన పని ముప్పై అయిదు జౌల్సు. మీ మిషను ఇచ్చే దెబ్బంతా అంతే."

సుబ్బరావమ్మ నమ్మలేదు. "అంతేనా? మరి నన్నెందుకు అట్టా కుమ్మింది?"

"పాపను ఎత్తడానికి మీకు కాసేపు పడుతుంది. ఇది కన్ను మూసి తెరిచేలోపు, అదీ గుండె దగ్గరే ఇచ్చేస్తుంది."

"చేత్తో నెట్టే తలుపుని సుత్తి పెట్టి కొట్టినట్టా?"

"అంతేనండి."

లేవబోతుంటే నస్రత్ ఆపింది. నవ్వు పోయి గొంతు మారింది. "మళ్లీ రాదని మాత్రం నేను చెప్పలేనండి. రావచ్చు. కళ్లు తిరిగినట్టున్నా, చూపు చెదిరినా నిలబడి ఉండొద్దు. వెంటనే కూర్చోండి. పాప చేతిలో ఉంటే ముందు కిందికి దించండి. దెబ్బ వెనక దెబ్బ వస్తే ఆలోచించకుండా ఆస్పత్రికి రావాలి."

ఇంటికొచ్చిన సుబ్బరావమ్మ పరిగెత్తుకెళ్లి మనవరాలిని ఎత్తుకుందని చెప్పాలనే ఉంది నాకు. అలా జరగలేదు. గీతాంజలి పిల్లను చాప మీద పడుకోబెట్టి "తియ్యమ్మా" అంటే, వంగి చూపుడు వేలితో అరికాలు తాకింది. పిల్ల కాలు లాక్కుంది. సుబ్బరావమ్మ వేలు అంతకన్నా ముందు లాక్కుంది. "రేపు చూద్దాంలే" అంది. ఆ రేపు ఎప్పటికప్పుడు ముందుకు జరుగుతూ పోయింది. 'రావచ్చు' అని నస్రత్ అన్న మాటే చెవిలో ఉండిపోయింది.

ఒకరోజు పొద్దున చెంచురామయ్య తను నేసిన చీరలు, నూలిచ్చి నేయించుకునే మాస్టర్ వీవరుకు ఇచ్చి రావడానికి వెళ్లాడు. లాల్‌బీ నీళ్లు పోసి వెళ్లిపోయింది. గీతాంజలి పిల్లకు పాలిచ్చి, గుడ్డ ఉయ్యాల్లో వేసి తలంటుకోవడానికి పెరట్లోకి వెళ్లింది. సుబ్బరావమ్మ గోడవారగా కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

ఉయ్యాల్లోంచి గురగురమని చిన్న చప్పుడు వచ్చింది. తర్వాత అదీ ఆగిపోయింది. సుబ్బరావమ్మ లేచి గుడ్డ తొలగించి చూసింది. పిల్ల నోటి నిండా కక్కిన పాలు. ఊపిరి అందక మొహం కమిలిపోయి, చిన్న గుప్పిళ్లు గాలిలో బిగుసుకుని ఉన్నాయి.

"గీతా!" అని అరిచింది. పెరట్లో బకెట్టులో నీళ్లు పడుతున్న చప్పుడు. జవాబు లేదు.

చేతులు చాచింది. వెనక్కి తీసుకుంది. ఎంతసేపు అలా నిలబడిందో ఆమెకే తెలియదు, ఒక్క లిప్తే అయి ఉంటుంది. కానీ ఆ లిప్తను ఇప్పటికీ మర్చిపోలేదని నాతో చెప్పింది. ఆ పిల్ల కళ్లు తన మీదే ఉన్నాయట.

ఎత్తేసింది. అలాగే గోడ పక్కన నేల మీద చతికిలబడి, పిల్లను ముంజేతి మీద బోర్లా వేసుకుని తల కాస్త కిందికి వంచి వీపు మీద తట్టింది. తట్టింది. ఏమీ కాలేదు. మళ్లీ తట్టింది. పాల ముద్ద బయటికొచ్చి నేల మీద పడింది. ఒక వెక్కు, ఒక గురగుర, ఆ తర్వాత ఇల్లు అదిరేలా ఏడుపు.

ఆ ఏడుపు వింటూ "నా తల్లే, నా తల్లే" అంటుండగానే ఎదురుగా ఉన్న గోడ అలుక్కుపోవడం మొదలైంది. పిల్ల ఏడుపు దూరంగా పక్క వీధిలోకి వెళ్లిపోతోంది.

వస్తోందని తెలిసింది. ఈసారి ఒళ్లు తెచ్చుకున్నది కాదు, అసలుదే. పారిపోవడానికి చోటు లేదు, పిలవడానికి గొంతు లేదు. కాళ్లు బారచాపి, పిల్లను రెండు కాళ్ల మధ్య చీర కుచ్చెళ్ల మీదికి జార్చగలిగింది. అంతే.

దెబ్బ పడింది. తల వెళ్లి వెనక గోడకు కొట్టుకుంది. చేతులు రెండూ ఎగిరిపడ్డాయి. ఆమె పెట్టిన కేకకు పిల్ల రెండు చేతులూ విదిల్చి కెవ్వున ఏడ్చింది.

తడి జుట్టుతో పరిగెత్తుకొచ్చిన గీతాంజలి చూసింది అదే. అమ్మ గోడకు చేరగిలబడి తెల్లగా పాలిపోయి ఉంది, పిల్ల కాళ్ల మధ్య పడి గుక్కపెట్టి ఏడుస్తోంది. పిల్లను లాక్కుని వసారాలోకి పోయి, తల నించి గోళ్ల దాకా తడిమి చూసుకుంది. ఎక్కడా ఏమీ లేదు. మూతి మీద పాల చార తప్ప.

"ఏం కాలేదే" అంది సుబ్బరావమ్మ లోపలినించి. "కొట్టింది నన్నే. దానికేం కాలా."

గీతాంజలి లోపలికి రాలేదు. పిల్లను ముట్టుకోలేదని తల్లిని నిలదీసిన మనిషి, ఇప్పుడు పిల్లను గుండెకు అదుముకుని గుమ్మం అవతలే నిలబడిపోయింది. ఆ రోజంతా పిల్లను కింద దించలేదు. "నేను పేట వెళ్లిపోతా నాన్నా, ఆయన్ని కారు పంపమంటా" అంది సాయంత్రం చెంచురామయ్యతో. సుబ్బరావమ్మ విని కూడా వద్దనలేదు. భయం సంగతి ఆమెకు తెలియనిది కాదు.

మర్నాడు అల్లుడు పంపిన కారులోనే అందరూ ముందు గుంటూరు ఆస్పత్రికి వెళ్లారు. నస్రత్ బిళ్ల ఆనించి చూసి, డాక్టర్ని పిలుచుకొచ్చింది. ఈసారి మిషను ఇచ్చిన మాట నిజమే. గుండె గతి తప్పడమూ నిజమే. దెబ్బ పడ్డాక సరైన దారికి వచ్చిందట. డాక్టరు మందులు మార్చి రాశాడు. మగ్గం పని కొద్దికొద్దిగా మొదలుపెట్టవచ్చునన్నాడు.

గీతాంజలి పిల్లనెత్తుకుని నస్రత్ వెనకే వరండాలోకి వెళ్లింది.

"నిజం చెప్పండి. మా పాపకి ఏమన్నా అయ్యుండేదా?"

"షాకు వల్ల కాదండి" అంది నస్రత్. "అమ్మగారు నిలబడి ఉంటే పాప చేతిలోంచి పడేది. అందుకే కూర్చోమన్నాను. ఆవిడ కూర్చునే ఉన్నారు. పాపను కిందికి దించారు కూడా."

గీతాంజలి లోపలికొచ్చి, బల్ల మీద కూర్చున్న తల్లి పక్కన కూర్చుని పిల్లను ఆమె ఒళ్లో పెట్టింది. పెట్టి తన చెయ్యి మాత్రం తియ్యలేదు, పిల్ల కింద అలాగే ఉంచింది. సుబ్బరావమ్మ కూడా తియ్యమనలేదు. ఇద్దరి చేతుల మీదా ఆ పిల్ల నిద్రపోయింది. ఇద్దరూ కదలడానికి భయపడి అలాగే కూర్చున్నారు.

గీతాంజలి అప్పుడు చిలకలూరిపేట వెళ్లలేదు. మూడో నెల వచ్చేదాకా జాండ్రపేటలోనే ఉంది. సుబ్బరావమ్మ పిల్లను ఎత్తుకునేది, కూర్చుని మాత్రమే. ఎవరైనా నిలబడి ఉండగా చేతికివ్వబోతే ఉన్నచోటే కూర్చుండిపోయేది, అది వీధి అయినా సరే. గుండె వడి పెరిగితే "ఏం దొరా, నీకేం పని ఇప్పుడు" అని గొణుక్కునేది. భయం పోలేదు. వచ్చి పక్కన కూర్చునేది, కాసేపటికి లేచి వెళ్లేది.

కూతుర్ని, మనవరాలిని చీరాల బస్టాండులో పేట బస్సు ఎక్కించిన రోజు ఎండ మండిపోతోంది. బస్సు కదిలాక భార్యాభర్తలు ఆటో కోసం రోడ్డు మీదికి నడిచారు. వాడరేవు నించి వచ్చిన చేపల బుట్టల దగ్గర జనం. ఆ జనంలో నాలుగడుగులు వేసేసరికి సుబ్బరావమ్మకు గుండె దడదడలాడింది. నిలబడిపోయింది. మూసి ఉన్న కొట్టు మెట్టు కనిపిస్తే దాని మీద కూర్చుంది. మొహం చెమటతో తడిసిపోయింది.

"ఏమైంది? వస్తోందా?" అన్నాడు చెంచురామయ్య.

"తెలవదు. చూపు బాగానే ఉంది. కాసేపు ఆగుదాం."

అతను అటూ ఇటూ చూశాడు. తర్వాత వచ్చి అదే మెట్టు మీద, ఆమెకు ఆనుకుని కూర్చున్నాడు. ఆమె అతని వైపు చూసింది. అతను రోడ్డు వైపు చూస్తున్నాడు. లేచిపోయేవాడిలా ఒక కాలు ముందుకు పెట్టాడు. అయినా లేవలేదు.

ఇద్దరూ ఎదురుచూశారు. ఒక ఆటో ఆగి, అడిగి, వెళ్లిపోయింది. చేపలమ్మే ఆవిడ బుట్ట మీద నీళ్లు చల్లుకుంది. దడ మెల్లగా తగ్గింది. ఇంకాసేపు చూసి, లేచి, నీడ ఉన్న వైపుగా నడిచారు.